‘స్కీ-వీ’ పిలుపుకి నేను బదులు పలికాను, పలకకూడదట. తెలిసినవాళ్లు కాస్త చెబుతారా?

గోంగూర_అట్లాంటా అడిగారు:

అందరికీ నమస్కారం. మేం అట్లాంటా దగ్గర ఉంటాం. మూడేళ్లుగా ఇక్కడ ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్‌కి సహాయకురాలిగా చేస్తున్నాను. నాకు పని నేర్పిన టీచర్ గారు నల్లజాతి ఆవిడ. ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతి పిల్లలకి చెప్పి, ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. ఈ రోజు నేను తల్లిదండ్రుల మీటింగులో నిలబడి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడుతున్నానంటే అది ఆవిడ చలవే.

పోయిన శనివారం చర్చి హాల్లో ఆవిడకి ఫంక్షన్ చేశారు. ఆవిడ క్లాసులో కర్టెన్ల దగ్గర్నుంచి కాఫీ కప్పు దాకా అన్నీ గులాబీ రంగు, లేతాకుపచ్చే. ఇష్టమైన రంగులు కదా, చూసి సంతోషిస్తారని నా పెళ్లినాటి గద్వాల చీర తీశాను. గులాబీ చీర, చిలకాకుపచ్చ అంచు. మెడలో మా అత్తగారు పెట్టిన హైదరాబాద్ ముత్యాల దండ. తీరా వెళ్లేసరికి హాల్లో నలభై మంది దాకా ఆడవాళ్లు అవే రంగుల్లో, అవే ముత్యాల్లో ఉన్నారు. ఒక పెద్దావిడ ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకుని ‘సోరర్’ అని పిలిచి, ‘ఎక్కడ క్రాస్ అయ్యావమ్మా?’ అని అడిగారు. అర్థం కాక నవ్వి తలూపాను.

కేక్ కోసే ముందు వెనక తలుపు దగ్గర్నుంచి ఒక సన్నటి గొంతు ‘స్కీ-వీ’ అని లేచింది. అన్ని మూలల నుంచీ బదులొచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది. రెండోసారి వచ్చినప్పుడు నేను కూడా గట్టిగా అన్నాను. ఫొటోలో అందరూ చిటికెన వేలు పైకెత్తితే నేనూ ఎత్తాను. పక్కనున్నావిడ నా చెయ్యి పట్టుకుని, ఆ వేలిని తన అరచేత్తో మెల్లిగా మడిచేసి, ‘అది వద్దు బేబీ’ అన్నారు. కోప్పడలేదు. కానీ మా టేబుల్ దగ్గర ఒక్క క్షణం అందరూ మాట ఆపేశారు.

అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఆవిడ సంతోషంగా ఉండాల్సిన రోజున నేను ఏం పాడు చేశానో తెలియట్లేదు. వెళ్లి క్షమాపణ చెప్పాలా? ఎలా చెప్పాలి? పైగా వచ్చే నెల వాళ్లమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి కూడా పిలిచారు. ఆ అమ్మాయి ‘డెల్టా’ అట, అమ్మది వేరు అట. అక్కడైనా పొరపాటు చెయ్యకుండా ఉండాలని ఉంది.

---

హోవర్డ్_ఫార్మసీ:

ముందు మీరు మనసు కుదుటపరుచుకోండి. తెలియక చేశారని ఆ పక్కావిడకి అప్పుడే అర్థమైంది. అందుకే వేలు మడిచి ఊరుకున్నారు.

నేను వాషింగ్టన్‌లో, నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదివే హోవర్డ్ యూనివర్సిటీలో ఫార్మసీ చదివాను. నాతో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న అమ్మాయి మీ టీచర్ గారి సంఘంలోదే, ఆల్ఫా కప్పా ఆల్ఫా. అందరూ ఏకేఏ అంటారు. నేను సభ్యురాలిని కాను. చూసిందీ, తను చెప్పిందీ మాత్రమే రాస్తున్నాను. లోపలి సంగతులు తను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇదొక మర్యాద అక్కడ, చెప్పనిది అడగరు.

ఏకేఏ 1908 జనవరి 15న హోవర్డ్‌లోనే పుట్టింది. నల్లజాతి కాలేజీ అమ్మాయిలు గ్రీకు అక్షరాల పేరుతో పెట్టుకున్న సంఘాల్లో అదే మొట్టమొదటిది. రంగులు సాల్మన్ గులాబీ, యాపిల్ ఆకుపచ్చ. మొదలుపెట్టిన పదహారు మంది, 1913లో దాన్ని చట్టప్రకారం రిజిస్టర్ చేయించిన నలుగురు, కలిపి ఇరవై మంది. వాళ్లని ఇరవై ముత్యాలంటారు. అందుకే అందరి మెడల్లో ముత్యాలు. మీ గద్వాల చీర, మీ అత్తగారి దండ ఒక్కచోట చూసి ఆ పెద్దావిడ మీరు వాళ్ల మనిషే అనుకున్నారన్నమాట. సోరర్ అంటే లాటిన్‌లో తోబుట్టువు. ‘ఎక్కడ క్రాస్ అయ్యావు’ అంటే ఏ శాఖలో సభ్యురాలివయ్యావు అని. మీరు తలూపారు, తర్వాత పిలుపుకి పలికారు, వేలెత్తారు. మూడూ కలిసేసరికి ఆ టేబుల్ దగ్గర వాళ్లకి అయోమయంగా అనిపించి ఉంటుంది. అంతే తప్ప మీ మీద కోపం కాదు.

ఇలాంటి అమ్మాయిల సంఘాల్ని సొరోరిటీలంటారు. నల్లజాతి సొరోరిటీలు పెద్దవి నాలుగు. ఏకేఏ పిలుపు స్కీ-వీ. డెల్టా సిగ్మా థీటా వాళ్లది ఊ-ఊప్. జీటా ఫై బీటా వాళ్లది జీ-ఫై. సిగ్మా గామా రో వాళ్లది ఈ-యిప్. మొదటి మూడూ హోవర్డ్‌లో పుట్టాయి. నాలుగోది 1922లో ఇండియానాపొలిస్‌లోని బట్లర్ యూనివర్సిటీలో ఏడుగురు స్కూల్ టీచర్లు పెట్టారు. ఆ రోజుల్లో ఇండియానాలో నల్లజాతివాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ ముఠా రాజకీయాలని శాసిస్తోంది. అలాంటిచోట ఏడుగురు నల్లజాతి పంతులమ్మలు కలిసి ఒక సంఘం పెట్టడమంటే మాటలు కాదు.

ఒకరు పిలిస్తే పదిమంది పలకడం ఈ సంఘాలకంటే చాలా పాతది. బానిసత్వం రోజుల్లో పత్తి చేలల్లో ఒకరి గొంతు లేస్తే దూరం చాళ్లలోంచి బదులొచ్చేది. ఇప్పటికీ నల్లజాతి చర్చికి వెళ్తే పాస్టర్ ఒక వాక్యం అనగానే జనం అందుకుంటారు. కాలేజీ మైదానంలో, అంటే వాళ్లు ‘యార్డ్’ అనే చోట, ఆ అలవాటే సంఘాల పిలుపులకి ఊపిరి పోసింది. హోవర్డ్ యార్డ్‌లో ఒక్కో సంఘానికి ఒక్కో చెట్టు ఉంటుంది. వేరేవాళ్లు తోచినట్టు వెళ్లి ఆ చెట్టు కింద కూర్చోరు. నేను మొదటి వారంలోనే ఒక చెట్టుకి సైకిల్ ఆనించబోతే సీనియర్ వచ్చి నవ్వుతూ తీయించాడు. చేతి గుర్తులూ అంతే. డెల్టా వాళ్లు రెండు చేతుల చూపుడు వేళ్లూ బొటనవేళ్లూ కలిపి త్రికోణం పెడతారు. గ్రీకు డెల్టా అక్షరం ఆకారమే త్రికోణం కదా.

ఆ పిలుపు దేనికో నాకు ఒక రాత్రి తెలిసింది. మంచు కురుస్తోంది, చివరి మెట్రో వెళ్లిపోయింది. మేమిద్దరం స్టేషన్ బయట వణుకుతూ నిలబడ్డాం. అవతలి వైపు కారు దగ్గర ఒక పెద్దావిడ కోటు మీద ఏకేఏ వాళ్ల గుర్తు, ఐవీ ఆకు పిన్ను మెరిసింది. మా రూమ్మేట్ గొంతు తగ్గించి, అరిచినట్టు కాకుండా, ‘స్కీ-వీ’ అంది. ఆవిడ చటుక్కున తల తిప్పి బదులు పలికారు. పదిహేను నిమిషాల్లో మమ్మల్ని గది దగ్గర దింపారు. పేర్లు కూడా కారెక్కాకే చెప్పుకున్నారు. అప్పుడు బాగా అర్థమైంది. ఆ పిలుపుకి పలికితే ‘నేనున్నాను, నీ బాధ్యత నాది’ అన్నట్టు. మనం సరదాగా పలికితే ఇవ్వలేని మాట ఇచ్చినట్టవుతుంది. అందుకే బయటివాళ్లు పలకకూడదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2011 థ్యాంక్స్‌గివింగ్‌కి తను నన్ను మిసిసిపీ తీసుకెళ్లింది. వాళ్ల నాయనమ్మకి ఎనభై ఏళ్లు. చేతులు లేని గౌను వేసుకుని వంటింట్లో కూర్చున్నారు. జబ్బ మీద రూపాయి బిళ్లంత మశూచి టీకా మచ్చ. మా అమ్మమ్మకీ సరిగ్గా అక్కడే ఉండేదని చెప్పాను. ఆవిడ ఆ మచ్చ మీద వేలు పెట్టి, ‘ఇది నాకు ఏకేఏ వేసింది’ అన్నారు. 1935 నుంచి 1942 దాకా వేసవుల్లో ఏకేఏ వాళ్లు డాక్టర్ డొరొథీ బోల్డింగ్ ఫెరెబీ ఆధ్వర్యంలో మిసిసిపీ పల్లెల్లో వైద్య శిబిరాలు పెట్టారు. కౌలు కూలీలని శిబిరానికి పంపడానికి భూస్వాములు ఒప్పుకోకపోతే, వీళ్లే తమ కార్లలో మందులు వేసుకుని తోటల్లోకి వెళ్లారు. నాయనమ్మకి అప్పుడు ఆరేళ్లో ఏడేళ్లో. కారులోంచి దిగిన ఆ నల్లజాతి ఆడవాళ్ల తెల్లటి చేతి తొడుగులు ఆవిడకి ఇంకా గుర్తు. తర్వాత టీచరై, నలభై ఏళ్లు దాటాక తనూ ఏకేఏలో చేరారు. చదువైపోయాక కూడా చేరొచ్చు, చేరితే జీవితాంతం ఉంటారు. మన కాలేజీ యూనియన్లలా చదువుతో పోయేది కాదు.

క్షమాపణ తప్పకుండా చెప్పండి. మెసేజ్ పెట్టకండి, ఎదురుగా చెప్పండి, రెండే మాటల్లో. ‘అది మీది అని నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది’ అంటే చాలు. పదిసార్లు సారీ చెబితే ఆవిడే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

గ్రాడ్యుయేషన్ సంగతి. డెల్టా 1913 జనవరి 13న ఇరవై ఇద్దరు అమ్మాయిలతో మొదలైంది. వాళ్లంతా అప్పటిదాకా ఏకేఏలో ఉన్నవాళ్లే. సంఘం రాజకీయాల్లోకి, హక్కుల పోరాటంలోకి ఇంకా గట్టిగా దిగాలని వేరుపడ్డారు. రెండు నెలలు కూడా తిరగకుండా, మార్చి 3న వాషింగ్టన్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి ఆడవాళ్లు వెనక నడవండని నిర్వాహకులు చెప్పిన ఊరేగింపు అది. కాబట్టి తల్లి ఏకేఏ, కూతురు డెల్టా అయితే ‘అమ్మ దారి వదిలేశావా’ అని హాస్యానికి కూడా అనకండి. ఆ మాట వాళ్లింట్లో వాళ్లే అనుకోవాలి.

పేరు పిలిచినప్పుడు హాల్లోంచి ఊ-ఊప్ అని వస్తుంది. మీరు చప్పట్లు కొట్టండి, ఆ అమ్మాయి పేరు పెట్టి గట్టిగా అరవండి, అదెవరైనా చెయ్యొచ్చు. ఫొటోలో త్రికోణం పెట్టకండి. బయట వాళ్లు ఒకరి వెనక ఒకరు వరసగా అడుగులేస్తూ వెళ్తుంటే, దాన్ని స్ట్రోల్ అంటారు, ఆ వరస మధ్యలోంచి దాటకండి. చుట్టూ తిరిగి వెళ్లండి. చీర మాత్రం ఎరుపూ మీగడ రంగూ కలిసింది వద్దు, అవి వాళ్ల రంగులు. కానుకగా ఆఫ్రికన్ వయొలెట్ మొక్క ఇవ్వండి. డెల్టా వాళ్ల పువ్వు అదే.

---

నెల్లూరు_మాటకారి:

మీ ఇద్దరి మీదా గౌరవంతోనే అంటున్నాను. ఒక ఆడమనిషి ప్రేమతో ఒక మాట కలిపితే వేలు మడిచేయడం నాకు మింగుడుపడలేదు. ఇది మాది, మీరు ముట్టుకోకూడదు అనే మాట మన ఊళ్లలో విని విని, విసిగి ఇక్కడిదాకా వచ్చాం. చెట్టు కింద కూర్చోకూడదా? మా తాతల కాలంలో బావి దగ్గర కూడా ఇలాగే ఉండేది. తేడా ఎక్కడుందో చెప్పండి.

---

హోవర్డ్_ఫార్మసీ:

అన్నా, మీరు అడిగింది సరైన ప్రశ్న. నేనూ మొదటి ఏడాది ఇదే అనుకున్నాను.

బావి దగ్గర ఆపింది పుట్టుకని చూసి. ఏం చేసినా ఆ గీత చెరిగేది కాదు. ఇక్కడ అలా కాదు, వేరే జాతివాళ్లు కూడా ఈ సంఘాల్లో సభ్యులుగా ఉన్నారు. మన గోంగూర గారు కూడా అర్హతలుండి, వాళ్లు ఆహ్వానిస్తే వాళ్ల పద్ధతిలో చేరొచ్చు. అప్పుడు ఆ వేలెత్తితే ఎవరూ మడవరు. పైగా బావి దగ్గర నీళ్లు ఆపేస్తే గొంతెండిపోతుంది. ఒక పిలుపు పలకనంత మాత్రాన మనకి పోయేదేమీ లేదు.

బయటి లోకం ఆ గొంతుల్ని ఎలా విన్నదో కూడా చూడండి. 2019 జనవరిలో సౌత్ కరొలైనాలోని కొలంబియాలో ఏకేఏ వాళ్ల విందుకి కమలా హారిస్ వెళ్లారు. ఆవిడ హోవర్డ్‌లో చదివేటప్పుడే చేరారు కదా. తోటివాళ్లు స్కీ-వీ అని స్వాగతం చెబితే, ఒక పెద్ద పత్రిక విలేకరి ‘కీచుగా అరుస్తున్నారు’ అని ట్వీట్ చేసి తర్వాత క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాది, 2018 మేలో, ఫ్లోరిడా యూనివర్సిటీ గ్రాడ్యుయేషన్‌లో వేదిక మీద రెండడుగులు స్ట్రోల్ చేసిన నల్లజాతి విద్యార్థుల్ని ఒకాయన పట్టుకుని ముందుకు తోసేశాడు. యూనివర్సిటీ అధ్యక్షుడే క్షమాపణ చెప్పారు. తల్లిదండ్రులు నాలుగేళ్లు ఎదురుచూసిన క్షణం అది. ఇన్ని చోట్ల తోసేస్తున్నప్పుడు తమకంటూ ఒక గొంతు దాచుకుంటే నేను తప్పు పట్టలేను.

వాళ్లలో లోపాలు లేవని కాదు. చేరే అమ్మాయిల్ని, అబ్బాయిల్ని ర్యాగింగ్ చేసి ప్రాణాల మీదకి తెచ్చిన సంఘటనలు జరిగాయి. అందుకే 1990లో పాత చేర్చుకునే పద్ధతిని అన్ని నల్లజాతి సంఘాలూ అధికారికంగా రద్దు చేశాయి. అయినా పూర్తిగా పోలేదు. ఆ విషయంలో నేను వాళ్లని సమర్థించను.

---

రాజమండ్రి_ఇరుముడి:

పద్నాలుగేళ్లుగా మాల వేస్తున్నాను. నాకు ఇది చదవగానే పద్దెనిమిది మెట్లు గుర్తొచ్చాయి. ఇరుముడి లేకపోయినా శబరిమల రావొచ్చు, దర్శనం ఉంది. కానీ నలభై ఒక్క రోజుల దీక్ష చేసి తల మీద ఇరుముడి ఉన్నవాడే ఆ మెట్లు ఎక్కాలి. లేనివాడు పక్కదారిలో వెళ్తాడు. పక్కదారిలో పంపినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోవడం నేను చూడలేదు. ఒక్క తేడా ఉంది, శరణుఘోష ఎవరు అందుకున్నా మేం సంతోషిస్తాం. వాళ్ల పిలుపు మా శరణుఘోష లాంటిది కాదు, ఇరుముడి లాంటిది అనుకుంటే మన గోంగూర అక్కకి సులువుగా బోధపడుతుందేమో.

---

ఫ్రిస్కో_అమ్మ:

మాది టెక్సాస్. మా పెద్దమ్మాయి ఆస్టిన్‌లో చదువుతూ దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలో చేరింది. ఇలాంటివి ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. 1998లో మా టెక్సాస్‌లోనే రెండు పుట్టాయట, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా. చేరతానన్న రోజు నేను అన్నం తినలేదు. ఏం చేయిస్తారో, ఎక్కడ తిప్పుతారో అని.

సెలవులకి స్నేహితురాళ్లతో వచ్చి మా గరాజ్‌లో స్ట్రోల్ ప్రాక్టీస్ చేశారు. రాత్రి పదకొండు దాటినా ఆపలేదు. ఆరుగురు ఒకేసారి అడుగేస్తే వాషింగ్ మెషీన్ మీద సబ్బు డబ్బా కదిలిపోయేది. టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక మాట చెవిన పడింది. ఒకమ్మాయి చేతులు త్రికోణంగా పెట్టబోతే సీనియర్ పిల్ల వెంటనే ఆపింది. ‘అది డెల్టా వాళ్లది. ఈ నడకే నల్లజాతి సంఘాల దగ్గర మనం నేర్చుకున్నది. నేర్చుకున్న మనం వాళ్ల గుర్తు కూడా తీసుకోకూడదు’ అంది. పంతొమ్మిదేళ్ల పిల్ల అంత స్పష్టంగా చెప్పడం విని నా భయం చాలావరకు పోయింది. క్యాంపస్‌లో రెండు వరసలు ఎదురుపడితే వీళ్లే ఆగి వాళ్లని ముందు వెళ్లనిస్తారట.

గోంగూర గారూ, మీరు రాసింది చదివితే ఆ టీచర్ గారంటే మీకెంత ప్రేమో తెలుస్తోంది. ఆవిడకి తెలియకుండా ఉంటుందా?

---

గోంగూర_అట్లాంటా:

అందరికీ చాలా థ్యాంక్స్. హోవర్డ్ గారు చెప్పినట్టే చేశాను.

సోమవారం పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరం గోడ మీది అక్షరాల బోర్డు విప్పుతున్నాం. ఆవిడ పిన్నులు పీకి నా అరచేతిలో పోస్తున్నారు. అప్పుడు చెప్పాను, రెండే మాటలు. ఆవిడ పిన్నులు పీకడం ఆపలేదు. ‘ఆ మొదటి గొంతు ఎవరిదో తెలుసా?’ అన్నారు. కాలేజీలో ఆవిడతో పాటు ఒకే రోజు క్రాస్ అయిన స్నేహితురాలట. మోకాలి ఆపరేషన్ అయింది, రాలేనని చెప్పిందట. చెప్పకుండా అలబామా నుంచి కొడుకు చేత కారు నడిపించుకుని వచ్చి, తలుపు దగ్గర నిలబడి పిలిచింది. ‘ఆ ఒక్క గొంతు కోసం రోజంతా చూశాను, అది వినిపించాక ఇంక నాకేమీ వినిపించలేదు’ అన్నారు. అంటే నేను అరిచింది ఆవిడ వినలేదట! వేలు మడిచినావిడ కూడా వీళ్ల బ్యాచే. నేను భోంచేశానో లేదో అని తర్వాత రెండుసార్లు అడిగిందట.

చీర గురించి కూడా అడిగాను. సంఘం ఫంక్షన్లకి వద్దు గానీ స్కూలుకి ఎప్పుడైనా కట్టుకోమన్నారు. అంచు చేత్తో పట్టుకుని చూసి, ఇది మగ్గం మీద ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. గద్వాలలో ఒంటిభాగం నూలు, అంచు పట్టు, రెంటినీ మగ్గం మీదే కలిపి నేస్తారని చెబితే చాలాసేపు ఆ కలిసే చోటే వేలితో తడుముతూ కూర్చున్నారు.

వయొలెట్ మొక్క తెచ్చాను. ప్రస్తుతం వంటింటి కిటికీలో ఉంది, మూడు మొగ్గలు వేసింది. ఆకుల మీద నీళ్లు పడకూడదట కదా, కింద పళ్లెంలో పోస్తున్నాను. గ్రాడ్యుయేషన్‌కి ఆవాల రంగు వెంకటగిరి చీర ఇస్త్రీకిచ్చాను. ఆ అమ్మాయి పేరు గట్టిగా అరవడం మా వారు కూడా ఇంట్లో ప్రాక్టీస్ చేస్తున్నారు.